స్నానాలగది గోడపై డ్రిల్లు మాస్టారి దండయాత్ర

ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పన్నెండు నిమిషాలకు, ఉదయభాస్కరుడు ఎదురింటి నీళ్ళ ట్యాంకు భుజం మీదికెక్కి, ఎక్కిన ఆయాసం తీర్చుకుంటూ, మూడో అంతస్తు రెండో వాటా కిటికీలోంచి తన సహస్రకిరణాల్లో ఓ నాలుగింటిని మాత్రం లోపలికి పంపిన ఆ శుభఘడియలో, వంటగదికీ పడకగదికీ నడుమ, మూడడుగుల వెడల్పూ ఏడడుగుల పొడవూ గల సన్నని నడవలో, స్నానాలగది ద్వారం పక్కన, లేతాకుపచ్చ సున్నం ఒంటికి పూసుకుని, మౌనమే కవచంగా, నిశ్చలతే ఆయుధంగా, ‘రా చూద్దాం’ అన్నట్టు నిలుచున్న ఒకానొక గోడ మీద జరిగిన మహాసంగ్రామాన్ని చెప్పబోతున్నాను. తొందర ఉన్నవాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళవచ్చు. గోడలు తొందరపడవు. వాటి కథా తొందరపడదు.

ముందుగా నిన్ను తలుస్తాను, ఓ డ్రిల్లూ. నువ్వు పుట్టింది ఏ నోటనో నాకు తెలియదు. మా నోట పడి మాదానివే అయిపోయావు. బడి మైదానంలో నూటయాభై జతల కాళ్ళను ఒక్క చప్పుడుగా నేలకు దించేది నువ్వే. దుక్కి మీద ట్రాక్టరు వెనక కదులుతూ, చాలు తప్పకుండా, గింజకూ గింజకూ నడుమ ఎడం చెడకుండా నేల కడుపులో విత్తనం జార్చేది నువ్వే. బావి ఎండిన చోట రెండువందల అడుగులు దిగి నీటిని చెయ్యిపట్టుకుని పైకి తెచ్చేది నువ్వే. పుచ్చిన పంటిని వెతుక్కుంటూ వచ్చి, ఎంతటి ధీరుడి చేతనైనా కుర్చీ చేతులు పిండించేది నువ్వే. లేని మంటకు సైరన్ మోగించి ఉన్న జనాన్ని మెట్లు దింపేదీ నువ్వే. ఇన్ని రూపాల నువ్వు ఆ ఆదివారంనాడు ఒకే ఇంటి మీదికి, ఒకే పూటలో, నాలుగు రూపాలెత్తి వచ్చావు. వచ్చినవి నాలుగూ ఒకదాని కాళ్ళకొకటి అడ్డం పడ్డాయి.

ఇక నాయకుడు. ముప్పైమూడేళ్ళు బడి మైదానాన్ని ఏకచ్ఛత్రంగా ఏలినవాడు, ఒక్క ఈలతో మూడువందల చేతులను ఆకాశానికెత్తించినవాడు, పదవి దిగి ఐదేళ్ళయినా మెడలోంచి ఈల దిగనివాడు, నిద్రలోంచి లేచినా ఎడమకాలే ముందు పెట్టేవాడు, ఇంట్లో నాలుగు కుర్చీలుంటే ఆ నాలుగింటినీ ఎత్తు వరుసన నిలబెట్టేవాడు, నిటారు వెన్నెముకే బిరుదుగా గలవాడు, డ్రిల్లు మాస్టారు. అసలు పేరు పింఛను కాగితాల్లో ఉంది. పిలిచేవాళ్ళెవరూ లేరు.

అట్టి వీరుడికి ఒక్కటే బలహీనత, భార్య. ఆవిడ పదహారు రోజుల కిందట ఇదే నడవలో, ఇదే స్నానాలగది గడప దాటబోతూ జారి, తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో చేరింది. ఎముకకు ఆపరేషనైంది, నడక మొదలైంది, ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు ఇంటికి పంపుతామన్నారు. అయితే పెద్ద డాక్టరు ఒక షరతు పెట్టాడు. స్నానాలగది గుమ్మం పక్కన, పట్టుకోవడానికి గట్టి స్టీలు రాడ్డు ఉండి తీరాలి.

ఆ షరతును మాస్టారి కూతురు రాజశాసనంగా మార్చింది.

“నాన్నా, రాడ్డు ఉంటే అమ్మ మన ఇంటికి. లేదంటే ఆసుపత్రి నుంచి తిన్నగా మా ఇంటికి. నెలా, రెణ్ణెల్లా అన్నది తర్వాత చూద్దాం.”

“బిగించేవాడు వస్తానన్నాడమ్మా.”

“వాడు బుధవారం నుంచీ వస్తూనే ఉన్నాడు. నేను పదకొండున్నరకి ఫోన్ చేస్తాను. ఉందా లేదా అని ఒక్క మాట చెప్పండి, చాలు.”

ఆ పదహారు రోజుల్లో మాస్టారు ఉప్పు డబ్బా కనుక్కోవడానికి మూడు రోజులు, పాలు పొంగకముందే దించడానికి ఎనిమిది రోజులు తీసుకున్నాడు. తొమ్మిదోనాటికి ఈల ఊదడం మానేశాడు. ఊదితే ‘చాల్లెండి’ అనేవాళ్ళు లేని ఇంట్లో ఈల మరీ పెద్దగా వినిపించింది. ఇంకో రెండు నెలలు అలా ఉండగలనా అని ఆయన తనను తాను అడగలేదు. జవాబు తెలిసిన ప్రశ్నలు ఆయన ఎవరినీ అడగడు.

కనుక, బిగించేవాడు ఆదివారం కూడా రానని తేలిన మరుక్షణమే, ఆయన రెండేసి మెట్లు దిగి కింది వాటా వడ్రంగి తలుపు తట్టాడు. వడ్రంగి అప్పుడే పనికి బయల్దేరుతున్నాడు.

“డ్రిల్లు మిషను తీసుకెళ్ళండి, దానికేం. ఎప్పుడైనా పట్టారా?”

“డ్రిల్లు నా వృత్తి,” అన్నాడు మాస్టారు.

“అది వేరు, ఇది వేరండీ.”

“ఏదైనా ఒకటే. ఎదుటివాడి చేత చెప్పిన మాట వినిపించడమే.”

వడ్రంగి ఏదో అనబోయి, వేళ మించుతోందని గుర్తొచ్చి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అలా మాస్టారి హస్తగతమైంది ఆ మహాయుధం: పచ్చని దేహం, నల్లని పిడి, గండుతుమ్మెదల గుంపును మింగి దాచుకున్న కడుపు, ముందు భాగాన మెలికలు తిరిగిన ఉక్కు బిట్టు, వెనకాల తోకలా నాలుగు గజాల తీగ. పిడి మీద బొటనవేలికి అందేచోట చిన్న మీట ఒకటుంది. ఇటు నెడితే బిట్టు ఒక వైపు తిరుగుతుంది, అటు నెడితే రెండో వైపు. ఏది ఎటో చెప్పే గుర్తులు వడ్రంగి వేలి కింద ఏనాడో అరిగిపోయాయి.

ఆయుధంతో మూడో అంతస్తు చేరేసరికి గుమ్మంలో సైన్యం సిద్ధంగా ఉంది. సైన్యమంటే బావమరిది ఒక్కడే. అక్క ఇంటికొస్తోందని తెలిసి వచ్చినవాడు, దంతవైద్యంలో చెయ్యి తిరిగినవాడు, ముప్పైయేళ్ళలో పదిహేనువేల నోళ్ళలోకి తొంగిచూసి ఒక్క నోటి రహస్యమూ బయటపెట్టనివాడు, వేసవిలోనూ చల్లని వేళ్ళవాడు.

“బావా, అక్క వచ్చేలోగా అయిపోతుందా?”

“ఇద్దరం ఉన్నాం కదా.”

“అదే భయంగా ఉంది.”

మొదట రాడ్డు ఎంత ఎత్తున ఉండాలన్న విషయమై సమాలోచన జరిగింది. దంతవైద్యుడు తన నడుము మీద చెయ్యి పెట్టి ఇంత అన్నాడు. మాస్టారు ద్వారబంధం దగ్గర ఒంగి చూశాడు. గుమ్మానికి ఒక చోట, అరచేతి మేర, రంగు అరిగి చెక్క నునుపుదేలి ఉంది. ఇరవైరెండేళ్ళుగా ఆవిడ తడికాలు బయట పెట్టే ముందు అక్కడ చెయ్యి ఆన్చేది. మాస్టారు ఆ ఎత్తుకు గోడ మీద పెన్సిలుతో గీత గీసి, రాడ్డు ఆన్చి, రెండు చివర్లా రెండేసి చొప్పున నాలుగు చుక్కలు పెట్టాడు. చూడ్డం వచ్చినవాడికి కొలబద్ద ఎందుకు?

ఇక ఆయుధపరీక్ష. శ్రోతలారా, ఇక్కడ కాస్త నిదానించండి. ఈ గోడ మీద తర్వాత పడిన ప్రతి దెబ్బా ఇక్కడే వంకరపోయింది.

మర కుడికి తిరిగితే బిగుస్తుంది, ఎడమకు తిరిగితే వదులవుతుంది. కనుక బిట్టు కుడికి తిరిగితేనే గోడలో దిగుతుంది. ఇది మాస్టారికి తెలుసు, దంతవైద్యుడికీ తెలుసు. దంతవైద్యుడు మిషను పట్టుకుని మెల్లగా తిప్పాడు. మాస్టారు, ముప్పైమూడేళ్ళు ఏ పిల్లవాణ్ణి పరీక్షించాలన్నా వాడికి ఎదురుగా నిలబడి చూసినవాడు కనుక, అలవాటు చొప్పున వెళ్ళి బిట్టు మొనకు ఎదురుగా నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల ఒకింత వంచి, ఎడమకాలు తప్పే అల్లరివాణ్ణి చూసినట్టు చూశాడు.

“గడియారం ముల్లులా తిరుగుతోంది. సరిగ్గా ఉంది.”

వెనకనుంచి చూస్తున్న దంతవైద్యుడు కనుబొమలు ముడిచాడు. “నాకు ఎడమకి తిరుగుతున్నట్టుంది బావా.”

“నీకు ఎడమంటే ఎదుటివాడికి కుడి.”

“అవునవును,” అన్నాడు దంతవైద్యుడు వెంటనే. ముప్పైయేళ్ళుగా రోగికి ఎదురు నిలబడి, తన ఎడమన ఉన్న పన్నును కుడి పన్ను అని రాసుకుంటూ వచ్చిన మనిషి. “మొదట్లో నేనూ పొరబడేవాణ్ణి. ఇప్పుడు ఎడమ కనబడితే కుడి అని నోరే అనేస్తుంది.”

ఇద్దరు విద్వాంసులు ఏకాభిప్రాయానికి వచ్చారు. ఒక విద్వాంసుడు పొరబడితే రెండోవాడు దిద్దుతాడు. ఇద్దరూ ఒకే పొరపాటును వృత్తిగా చేసుకుని ముప్పైయేళ్ళు బతికితే దిద్దేదెవరు?

అంతట మాస్టారు ఆయుధం అందుకుని, కాళ్ళు రెండూ భుజాల వెడల్పున నాటి, గోడను ఉద్దేశించి ఇలా పలికాడు: “ఓరీ ఇష్టికాసముదాయమా, సిమెంటు లేపనమాత్ర గర్వితమా, ఇరవైరెండేళ్ళుగా మా ఇంటి నీడన నిలబడి, మా దీపం వెలుతురు తాగి, మా ఆవిడ జారిపడిన నాడు చెయ్యందించలేని నీ నిష్ఫల దార్ఢ్యానికి నేడు నాలుగు ద్వారాలు తెరిచి, నీ చేతనే ఆమెకు ఊతమిప్పించని నాడు, నా ఈల ఊడి నూతిలో పడుగాక.” వీరగాథకు తగ్గట్టుగా నేను కొంచెం పెంచి చెప్పాను. ఆయన నిజంగా అన్నది, “చూస్తాను నీ సంగతి.”

మిషను బొత్తాం నొక్కాడు.

ఒక్కపెట్టున ఆ నడవలో గండుతుమ్మెదల గుంపు నిద్రలేచింది. వంటగదిలో గిన్నెలు ఒకదానికొకటి ఏదో చెప్పుకున్నాయి. లేతాకుపచ్చ సున్నం రేకులు రేకులుగా రాలింది. దాని వెనక తెల్లని పూత పొడిగా రాలి మాస్టారి పాదాల మీద కుప్ప పోసింది. మొదటి చుక్క చోట చెనగగింజ పట్టేంత గుంట పడింది.

“దిగుతోంది,” అన్నాడు మాస్టారు.

ఆపైన ఏమీ దిగలేదు.

మాస్టారు నొక్కాడు. గోడ నొక్కించుకుంది. మాస్టారు భుజం ఆన్చాడు, మోకాలు గోడకు తన్నిపెట్టాడు, పళ్ళు బిగించాడు. బిట్టు గుంటలో కూర్చుని, ఎద్దు మొండికేసి కాడి కింద పడుకున్నట్టు, ఉన్నచోటే గిరగిర తిరిగింది. చెనగగింజ గుంట చెనగగింజ గుంటగానే ఉంది. కాకపోతే నునుపుదేలింది, అద్దంలా మెరిసింది.

“అంత నొక్కకూడదు బావా,” అన్నాడు దంతవైద్యుడు. “ముట్టీముట్టనట్టు పట్టాలి. ఇలా ఇవ్వండి.”

ఆయన మిషను అందుకున్నాడు. వేలికొసలతో కలంలా పట్టుకోబోతే అది మూడు కిలోల బరువుతో కిందికి వాలింది. రెండు చేతులా ఎత్తి, గోడకు దగ్గరగా మొహం పెట్టి, మెల్లగా బిట్టు ఆన్చాడు.

“కాస్త ఓర్చుకోండి,” అన్నాడు గోడతో.

“ఎవరితోనోయ్?”

“అలవాటు బావా. అనకపోతే చెయ్యి కదలదు.”

ముట్టీముట్టనట్టు పట్టిన రెండు నిమిషాలకు గోడ ముట్టీముట్టనట్టే ఉంది. కాలిన వాసన వచ్చింది. దంతవైద్యుడు కిటికీలోని పూలకుండీ పక్కనున్న నీళ్ళ పిచికారీ తెమ్మన్నాడు, వేడెక్కితే నీళ్ళు కొట్టాలట.

“కరెంటు చేత్తో పట్టుకుని నీళ్ళేంటి? మీ అక్క ఆసుపత్రి నుంచి వచ్చేలోగా నువ్వు అక్కడికి వెళ్తావా?”

అలా ఇద్దరు వీరులూ ఒకరి తర్వాత ఒకరు, ఒకసారి బలంతో, ఒకసారి నేర్పుతో, ఒకసారి లెక్కతో (“ఒకటి, రెండు, మూడు, నొక్కు, ఒకటి, రెండు, మూడు, విడువు”), ఒకసారి కోపంతో, నలభై నిమిషాలు పోరాడారు. రెండో చుక్క మీద ప్రయత్నించారు, గోడ గుణం మారలేదు. మూడో చుక్క మీద ప్రయత్నించారు, గుంట కూడా పడలేదు. బిట్టు మొన నీలం తిరిగింది. ఇద్దరి తలలూ తెల్లబడ్డాయి. ఒకరిది అంతకుముందే సగం తెల్లది కనుక రెండోవారికే ఎక్కువ నష్టం.

పది గంటల పది నిమిషాలకు ఫోన్ మోగింది. ఆవిడే.

“ఏం చేస్తున్నారు?”

“ఖాళీగా ఉన్నాను.”

“గోడ జోలికి వెళ్ళారా?”

“లేదు.”

“మరి ఎందుకలా రొప్పుతున్నారు?”

మాస్టారికి అబద్ధమాడటం రాదు. రెండో అబద్ధం అసలే రాదు. “మీ తమ్ముడొచ్చాడు. పని చూస్తున్నాడు.”

“వాడు పని చూస్తున్నాడా? ఎవరి పళ్ళకి?”

“గోడకి.”

ఆవిడ గొంతు తగ్గించి అంది: “అమ్మాయి పక్కనే ఉంది, గట్టిగా అనలేను. వాళ్ళింటికి వెళ్తే బాత్‌రూంకి కూడా చెయ్యిపట్టుకుని తీసుకెళ్తానంటోంది. ప్రేమే, కాదనను. కానీ పదహారు రోజులైంది నేను ఒక్కదాన్నే ఒక తలుపు దాటి. ఏదో ఒకటి చెయ్యండి.” ఫోన్ పెట్టేసింది.

మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకుని, గోడ వైపు తిరిగి, ఆయుధం మళ్ళీ ఎత్తిన ఆ క్షణంలో, భవనం దద్దరిల్లేలా సైరన్ మోగింది.

వీరుల్ని ఓడించేది శత్రువులని ఎవరన్నారు? ఆ సైరన్ మోగించమన్నది మాస్టారే. మూడు నెలలకోసారి ఆ భవనంలో అగ్నిప్రమాదపు డ్రిల్లు జరగాలని ఐదుసార్లు అర్జీ పెట్టి, ఒప్పించి, నియమాలు స్వహస్తాలతో రాసి మెట్ల దగ్గర అంటించింది మాస్టారే. మొదటి నియమం: సైరన్ మోగగానే చేతిలో ఏది ఉన్నా అక్కడే వదిలి పెరట్లోకి దిగాలి. రెండో నియమం: అందరూ వచ్చారని లెక్క తేలేదాకా ఎవరూ కదలకూడదు. మూడో నియమం కింద గీత కూడా గీశాడు: ఎవరికీ మినహాయింపు లేదు.

“బావా, మనం ఇంట్లో లేమనుకుంటార్లెండి,” అన్నాడు దంతవైద్యుడు. “తలుపేసుకుందాం.”

మాస్టారు మిషను వైపు చూశాడు. గడియారం వైపు చూశాడు. మొహంలో ధర్మమూ ధర్మపత్నీ ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు తోసుకున్నారు. చివరికి ప్లగ్గు పీకి, మిషను నేల మీద పెట్టి, “పద,” అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకెంత బలం పట్టిందో, గోడ మీద నలభై నిమిషాల్లో అంత పట్టలేదు.

పెరట్లో ముప్పైమంది వాటాదార్లు మూడు వరుసల్లో నిలబడ్డారు. తలస్నానం మధ్యలో వచ్చినవాళ్ళు, గరిటెతో వచ్చినవాళ్ళు, వచ్చామన్న సంగతి ఇంకా పూర్తిగా తెలియనివాళ్ళు. సున్నపు విగ్రహాల్లా వచ్చిన బావాబావమరుదుల్ని చూసి మెట్లు ఊడ్చే ఆవిడ చీపురు గోడకానించింది.

“నిజంగానే అంటుకుందేంటి మాస్టారూ, బూడిదైపోయారు?”

“సున్నం,” అన్నాడు మాస్టారు. లెక్కపెట్టాడు. ఒకరు తక్కువ. మొదటి అంతస్తు లారీ డ్రైవరు రాలేదు; రాత్రంతా బండి నడిపి పడుకున్నాడు. ఆయన వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. కాపలాదారు తలుపు కొట్టడానికి పరిగెత్తాడు. పెరటి గడియారం పదీ ముప్పైఅయిదు చూపించింది. మాస్టారి గుండెలో నిమిషాల ముల్లు గుచ్చుకుంది. వరుస చెదరకుండా ఉండాలి కదా అని, చెయ్యడానికి మరేం తోచక, జనం చేత అలవాటు చొప్పున డ్రిల్లు చేయించసాగాడు.

“కుడివైపు... తిరుగు.” అంటూ చెయ్యెత్తి చూపించాడు.

వరుసలన్నీ కుడికి తిరిగాయి. మెట్లు ఊడ్చే ఆవిడ మాస్టారి వెనక, చీపురు పక్కన నిలబడి ఉంది.

“కుడి అని ఎడమ చెయ్యి ఎత్తారేంటి?”

మాస్టారు చిరునవ్వు నవ్వాడు. ముప్పైమూడేళ్ళలో ఈ ప్రశ్న ఆయనను చాలామంది అడిగారు. “ఎదురుగా ఉన్నవాళ్ళకి అద్దంలా కనపడాలమ్మా. నా ఎడమ వాళ్ళకి కుడి.”

“మరి నేను మీ వెనకున్నాను కదండీ. నాకేది కుడి?”

“నువ్వూ నేనూ ఒకే వైపు చూస్తున్నాం. నీ కుడీ నా కుడీ ఒక్కటే. ఎదురున్నవాడికైతేనే తిరగబడుతుంది గానీ, మనతో పాటు అటే...”

అక్కడ మాస్టారి మాట ఆగిపోయింది. ఎత్తిన ఎడమ చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ చెయ్యి చూసి వరుసలు మరోసారి కుడికి తిరిగాయి.

“ఏమోయ్ డాక్టరూ.”

వరుస చివరి నుంచి దంతవైద్యుడు పలికాడు. “ఏంటి బావా?”

“ఆ బిట్టు ఎటు చూస్తోంది?”

“ఎటు చూడటమేంటి? గోడ వైపు.”

“మనం ఎటు చూస్తున్నాం?”

“గోడ వైపే.” అని, దంతవైద్యుడు నోరు అలాగే తెరిచి ఉంచాడు. ఇతరుల నోళ్ళు తెరిపించడమే తప్ప తనది తెరవడం ఆయనకదే మొదటిసారి. “బావా, నా డ్రిల్లు కూడా నాతో పాటే నోట్లోకి వెళ్తుంది. ఎదురుండేది రోగి.”

“మనం డ్రిల్లుని రోగిని చేశాం.”

“మీరు ఎదురెళ్ళి చూశారు కదా?”

“చూశాను. అది మనకి ఎదురు నిలబడ్డ పిల్లాడు కాదోయ్. మనతో నడిచేవాడు. వాణ్ణి ముందు నుంచి కాదు, వెనక నుంచి చూడాలి. నలభై నిమిషాలు వెనక్కి తిప్పి ముందుకి పొమ్మన్నాం.”

మెట్లు ఊడ్చే ఆవిడకు ఇందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. “ఇంత చదువుకుని ఎందుకండీ,” అని మాత్రం అంది.

రహస్యం తెలిసింది, కాలు కదపడానికి లేదు. రెండో నియమం. శత్రువు మర్మస్థానం ఎరిగిన యోధుడు తన చేత్తో తానే గీసుకున్న గీత లోపల నిలబడి, మొదటి అంతస్తు వైపు చూస్తూ నిలబడిపోవడాన్ని మించిన తపస్సు ఏ అడవిలోనూ జరిగి ఉండదు. పదీ నలభైఎనిమిదికి లారీ డ్రైవరు దుప్పటి కప్పుకుని దిగాడు.

“ఎక్కడ మంట?”

“నా గుండెలో,” అన్నాడు మాస్టారు. “ముప్పైఒకటి. లెక్క సరిపోయింది.” ఈల ఊదాడు. ఆ ఈల గాలిలో ఉండగానే ఆయన మొదటి అంతస్తు దాటాడు.

మీట అటు నుంచి ఇటు నెట్టాడు. ఈసారి ఎదురుకు వెళ్ళలేదు. పిడి వెనక నిలబడి, ఆయుధం చూసే దిక్కే తానూ చూస్తూ, మెల్లగా తిప్పి, “కుడి,” అన్నాడు. దంతవైద్యుడు భుజం మీదుగా తొంగిచూసి, “కుడే,” అన్నాడు.

ఏమని చెప్పను. నలభై నిమిషాలు దిక్కుల్ని ధిక్కరించిన ఆ గోడ, తొలకరికి మెత్తబడిన దుక్కిలోకి విత్తనం దిగినట్టు బిట్టును లోపలికి రానిచ్చింది. తెల్లని పొడి ఆగి, దాని వెనక ఇటుక ఎర్రగా, సన్నగా, ధారగా రాలింది. మెలికల వెంట ఆ ఎర్రమన్ను పాకి వస్తుంటే మాస్టారు ఊపిరి బిగబట్టాడు. నొక్కలేదు. నొక్కాల్సిన పని లేకపోయింది. రెండంగుళాల లోతున ఆపి బయటికి లాగి, నోటితో ఊదితే, రంధ్రం ఆయన కళ్ళలోకే దుమ్ము ఊదింది. ఆనందబాష్పాలు కావు, దుమ్మే. అయినా రెండూ కలిసి వచ్చాయని దంతవైద్యుడి సాక్ష్యం.

ఒకటి. రెండు. మూడో చుక్క దగ్గర గోడ చివరిసారి మూలిగింది. దంతవైద్యుడు “అయిపోయింది, అయిపోయింది, ఇంకొక్క క్షణం,” అని దాన్ని ఓదార్చాడు. నాలుగు. ప్లాస్టిక్ ప్లగ్గులు రంధ్రాల్లో కూర్చున్నాయి. వాటిని అమర్చడంలో మాత్రం దంతవైద్యుణ్ణి మించినవాడు లేడు. రంధ్రం దులిపి, ఆరబెట్టి, ప్లగ్గు నింపి, వేలితో అదిమి, “రెండు గంటలు ఏమీ నమలకూడదు,” అనబోయి ఆగాడు. మరలు బిగిశాయి. మాస్టారు రాడ్డు పట్టుకుని కాళ్ళు ముడిచి వేలాడాడు. గోడ కదల్లేదు. దంతవైద్యుడూ వచ్చి పట్టుకున్నాడు. ఇద్దరు వృద్ధులు ఒక రాడ్డుకు గబ్బిలాల్లా వేలాడుతుండగా పదకొండున్నరకు ఫోన్ మోగింది.

“ఉందా లేదా?”

“ఉంది,” అన్నాడు మాస్టారు.

“నిజంగానా? ఎవరు బిగించారు?”

“గోడ ఒప్పుకుంది.”

పన్నెండూ పదికి ఆవిడ వచ్చింది. నాలుగు కాళ్ళ వాకరు, దాని వెనక రెండు కాళ్ళు, ఆ వెనక కూతురు చేతులు చాచి, పట్టుకోబోతున్నట్టు, పట్టుకోనిస్తారా అన్నట్టు. ఆవిడ గడప దగ్గర ఆగి నడవ చూసింది, ఎర్రమన్ను చూసింది, తమ్ముడి తల చూసింది, భర్త తల చూసింది.

“ఇద్దరూ ఒక్కపూటలో ముసలాళ్ళైపోయారే.”

“అక్కా, ఒక్కసారి పట్టుకుని చూడు,” అన్నాడు తమ్ముడు.

మాస్టారు గబగబా వెళ్ళి ఆవిడకు ఎదురుగా నిలబడి, “ఒకటి...” అని మొదలుపెట్టాడు. ఆవిడ ఆగింది. మాస్టారూ ఆగాడు. ఏదో తట్టినవాడిలా గోడవారగా జరిగి, ఆవిడ పక్కన, ఆవిడ చూసే వైపే చూస్తూ నిలబడ్డాడు. లెక్క పెట్టలేదు.

ఆవిడ వాకరు వదిలి చెయ్యి చాపింది. వెతుక్కోకుండానే చెయ్యి రాడ్డు మీద పడింది. ఒకసారి లాగి చూసింది. బరువు మోపింది. మంచి కాలు గడప దాటింది, తర్వాత రెండోది నిదానంగా దాటింది.

“అమ్మా, నేనూ వస్తా,” అంది కూతురు.

“ఎక్కడికే?” అని, ఆవిడ లోపలి నుంచి తలుపేసుకుంది.

కూతురు మూసిన తలుపు వైపు చూసింది, రాడ్డు వైపు చూసింది, రెండు చేతులా ఊపి చూసింది. అది కదల్లేదు. “సరే నాన్నా,” అంది. “కార్లో అమ్మ బట్టల సంచి ఉంది. పైకి తెస్తాను.”

విజేతలిద్దరూ తలుపుకు చెరోపక్కన ద్వారపాలకుల్లా నిలబడ్డారు. లోపల నీళ్ళ చప్పుడు మొదలై, ఆగింది.

“ఇద్దరూ అక్కడే నిలబడి వింటున్నారు కదూ,” అంది లోపలి గొంతు. “పొండి అవతలకి.”

ఆ విధంగా, ముప్పైమూడేళ్ళ డ్రిల్లు పాండిత్యమూ ముప్పైయేళ్ళ డ్రిల్లు నైపుణ్యమూ ఏకమై, ఒక చెనగగింజ గుంటతో మొదలై, ఒక సైరన్‌కు తలొగ్గి, ఒక చీపురు పక్క నుంచి వచ్చిన ప్రశ్నతో దారిన పడి, చిటికెనవేలు కూడా పట్టని, రెండంగుళాల లోతు గల నాలుగు రంధ్రాలను సంపూర్ణంగా, శాశ్వతంగా జయించాయి. ఓడినవాళ్ళు పారిపోవడం లోకంలో అందరూ చూసిందే. గెలిచిన సైన్యం, గెలిచిన చోటు నుంచే, మునివేళ్ళ మీద, పది అడుగులు వంటగదిలోకి వెనుదిరగడం ఆ ఒక్క యుద్ధంలోనే జరిగింది. ముందు ఎడమకాలే పడింది.